కాయిల్ పోయిందని ఎప్పుడనాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు ఫోన్ చేసి, నీ ఉద్యోగానికి సంబంధించింది, నలుగురికి పనికొచ్చేది ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నా ఉద్యోగం కరెంటు ఉత్పత్తి కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్లను పరీక్షించడం. దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే భోజనాల గంట కొట్టకముందే హాలు ఖాళీ అయితది. అందుకని అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడదామని వచ్చాను. మోటారు సైకిల్ ఇగ్నిషన్ కాయిల్. ఇదిగో, ఈ టేబుల్ మీద ఉన్న నల్ల డబ్బా అదే. దీన్ని ఇక్కడికి తేవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మధ్యలో వస్తుంది.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారి ఒక ఫొటో వస్తుంది. నాన్నగారి బుల్లెట్టో, పెదనాన్న యెజ్డీనో, మామయ్య రాజ్‌దూతో కొట్టంలోంచి బయటికి తీసి, కడిగి, దండ వేసి పెడతారు. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి పాత బండ్ల మీద ప్రేమ ఇంకా పెరిగింది. ఫొటో పెట్టిన రెండో రోజు ప్రశ్న వస్తుంది: 'కిక్కు కొట్టి కొట్టి కాళ్లు పోతున్నయి, లేస్తలేదు, ఏం చేయాలె?' ఐదు నిమిషాల్లో నాలుగు జవాబులు. నాలుగింట్లో మూడు ఒకటే: 'కాయిల్ మార్చు.' బండి చూడలేదు, ప్లగ్గు విప్పలేదు, కాయిల్‌కి శిక్ష పడిపోయింది.

మనవైపు ఈ బండ్లు ఎక్కువ. సింగరేణి వాళ్ల బుల్లెట్లు, యెజ్డీలు, పాలక్యాన్లు కట్టుకొని తిరిగిన రాజ్‌దూత్‌లు, మేం పదో తరగతిలో ఉండగా కొత్తగా దిగిన యమహా ఆర్‌ఎక్స్-100. బుల్లెట్ మద్రాసులో 1955 నుంచి తయారైంది. యెజ్డీ తయారు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్-100 కూడా 1985లో వచ్చి 1996లోనే ఆగింది. వీటికి అసలు కాయిల్ దొరకడం ఇప్పుడు కష్టం. దొరికిన కొత్తదానికంటే మీరు తీసి పారేసిన పాతదే మంచిదై ఉండొచ్చు. అందుకే మార్చే ముందు పరీక్ష.

ముందు కాయిల్ చేసే పని చెప్తాను. మన ల్యాబులో గాజు అల్మరా పై అరలో ఇండక్షన్ కాయిల్ ఉండేది గుర్తుందా? దుమ్ము తుడిచి, కిటికీలు మూసి, సారు నీలి నిప్పురవ్వ చూపించేవారు. ఆ పరికరమూ ఇదీ ఒకే సూత్రం. 1831లో ఫారడే కనిపెట్టిన విషయం, 1836లో ఐర్లండులో కాలన్ అనే ఫాదరు గారు చుట్టిన కాయిల్, 1910 ప్రాంతంలో అమెరికాలో కెటరింగ్ కాడిలాక్ కారుకు అమర్చిన ఏర్పాటు, అన్నీ కలిస్తే ఈ డబ్బా. లోపల ఇనుప రేకుల కడ్డీ. దాని మీద రెండు చుట్లు. లావు తీగతో కొన్ని వందల చుట్లు ప్రైమరీ. వెంట్రుకలాంటి తీగతో వేల చుట్లు సెకండరీ. పాయింట్లు మూసుకున్నప్పుడు బ్యాటరీ కరెంటు ప్రైమరీలో పారి కడ్డీని అయస్కాంతం చేస్తుంది. పాయింట్లు తెరుచుకోగానే కరెంటు టక్కున ఆగుతుంది. అయస్కాంతం కూలిపోతూ సెకండరీలో పదివేలు, పదిహేను వేలు, ఒక్కోసారి ఇరవై వేల వోల్టులు పుట్టిస్తుంది. అది ప్లగ్గు కొనలో దూకుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. స్పార్క్ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, ఆపినప్పుడు. ఎంత తెగ్గొట్టినట్టు ఆపితే అంత బలమైన స్పార్క్. ఆపే పని పాయింట్లది, ఆ పని శుభ్రంగా జరిగేలా చూసేది కండెన్సర్‌ది. కండెన్సర్ బలహీనపడితే పాయింట్ల దగ్గరే చిటపట మంటలు వస్తాయి, ప్లగ్గు దగ్గర పచ్చటి పీలగా ఉండే స్పార్క్ వస్తుంది. చూసినవాడు కాయిల్‌ని తిడతాడు. నా అనుభవంలో కాయిల్ మీద పడ్డ నేరాల్లో ఎక్కువ భాగం కండెన్సర్‌వి, ఆ తర్వాత ప్లగ్గు క్యాపువి.

ఇప్పుడు కథకు వస్తాను. 1986, శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. మా ఫిజిక్స్ సారుకు ఒక సెకండ్ హ్యాండ్ బుల్లెట్ ఉండేది, ఆరు వోల్టులది. సారు ముందు వరుసలోనే ఉన్నారు, పేరు చెప్పక్కర్లేదు, బుల్లెట్ అనగానే పాతవాళ్లందరికీ తెలిసిపోయింది. (ఈ సంగతి చెప్పడానికి సారు దగ్గర అనుమతి తీసుకునే వచ్చాను.) ప్రతి శనివారం బడి అయ్యాక మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట మీదుగా గోదారి దాటి, ధర్మపురి నుంచి జగిత్యాల వెళ్లేవారు, వాళ్ల అమ్మగారు అక్కడ ఉండేవారు. ఆ ఎండాకాలం బండికి ఒక జబ్బు పట్టుకుంది. బయలుదేరినప్పుడు బంగారం. లక్షెట్టిపేట దాటినంక గోదారి రాకముందే ఎగిరెగిరి దగ్గి ఆగిపోయేది. చెట్టు కింద అరగంట నిలబెడితే ఏమీ ఎరుగనట్టు ఒక్క కిక్కుకే లేచేది.

రైల్వే గేటు దగ్గర మెకానిక్ చాచా షెడ్డు. మా క్లాసువాడే ఒకడు పొద్దున, సాయంత్రం అక్కడ పనిచేసేవాడు. వాడి పేరు చెప్పను, వాడే వద్దన్నాడు. లెక్కల్లో నాకంటే నెమ్మది, చేతుల్లో మాత్రం మా అందరికంటే చురుకు. చాచా ఊరెళ్లిన రోజు సారు బండి పెట్టారు. వాడు సాయంత్రందాకా చూసి, 'సార్, కాయిల్ గరమైతే కరెంటు ఇస్తలేదు' అని చెప్పి, షెడ్డులో ఉన్న ఇంకో కాయిల్ వేసి డబ్బులు తీసుకున్నాడు. సారు జీతంలో అది చిన్న మొత్తం కాదు.

సారుకు ఒక అలవాటు, దేన్నైనా ప్రయోగం చేసి చూడాలి. తీసేసిన కాయిల్‌ని మరునాడు ల్యాబుకు తెచ్చి, 'అరేయ్, చూడు దీన్ని' అని నాకిచ్చారు. నేను క్లాసు ఫస్టు. గాల్వనోమీటర్, డ్రై సెల్ పెట్టి ప్రైమరీ చూశాను, ముల్లు కదిలింది. సెకండరీ చూశాను, కదిలింది. బండి బ్యాటరీ తెప్పించి, వైరు తాకించి తీస్తే హెచ్‌టీ వైరు కొన నుంచి స్పార్క్ చక్కగా దూకింది. క్లాసు మొత్తం చప్పట్లు. నేను గట్టిగా అన్నాను: 'కాయిల్ మంచిగనే ఉన్నది సార్. వాడు మిమ్మల్ని మోసం చేసిండు.'

వాడు వెనక బెంచీలో ఉన్నాడు. లేచి ఏదో చెప్పబోయాడు. సారు కూర్చోమన్నారు. ఆ సాయంత్రం సారు షెడ్డుకు వెళ్లి కొత్త కాయిల్ తీయించి పాతది వేయించుకున్నారు, డబ్బులు వాపసు తీసుకున్నారు. చాచా ఊరి నుంచి రాగానే వాడిని పనిలోంచి తీసేశాడు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

శనివారం బుల్లెట్ అదే చోట ఆగిపోయింది.

సారు సోమవారం వాడి ఇంటికి వెళ్లారు. అప్పటికే వాళ్ల మేనమామ వెంట భివండి వెళ్లిపోయాడు, పవర్‌లూమ్ పనికి. హాల్ టికెట్ బడిలో ఉండిపోయింది. నేను పరీక్ష రాశాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఇంజినీరింగ్ చదివాను.

ఆ రోజు నేను చేసిన పరీక్షలో తప్పేమిటో నాకు పూర్తిగా అర్థమైంది ఉద్యోగంలో చేరాకే. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్‌ని మేం మల్టీమీటర్‌తో పరీక్షించం. మెగ్గర్ అనే పరికరంతో వేల వోల్టులు పెట్టి అడుగుతాం, వేడిగా ఉన్నప్పుడు ఎంత, చల్లారినంక ఎంత అని వేర్వేరుగా రాసుకుంటాం. మల్టీమీటర్ కాయిల్‌ని అడిగేది రెండు మూడు వోల్టులతో. ఆ కాయిల్ రోడ్డు మీద మోయాల్సింది పదిహేను వేలు. లోపలి వార్నిష్ ఒకచోట బలహీనపడి ఉంటే మూడు వోల్టులకు అది బయటపడదు.

నేను చేసిన స్పార్క్ పరీక్ష కూడా అంతే. గాలిలో ఒక మిల్లీమీటరు దూకడానికి సుమారు మూడు వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి మిశ్రమాన్ని అదిమి పెట్టినప్పుడు అదే సందు దూకడానికి కొన్ని రెట్లు ఎక్కువ కావాలి. నేను ఒక్కొక్క స్పార్క్ తీరిగ్గా తీశాను. బుల్లెట్ ఇంజను నిమిషానికి మూడు వేలు తిరిగితే సెకనుకు 25 స్పార్కులు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, నేను పరీక్షించింది పొద్దున తొమ్మిదింటికి, ఫ్యాను కింద, చల్లటి కాయిల్‌ని. అది చెడిపోయేది లక్షెట్టిపేట దాటినంక, మన ఎండలో, ఇంజను సెగ మీద. అడగాల్సిన చోట అడగలేదు.

మరి ఎట్లా అడగాలి? ఇప్పుడు మీ బండి సంగతి.

బండి ఆగిపోయింది, స్పార్క్ లేదనుకుంటున్నారు. మొదట పెట్రోల్ టాంకు మూత తెరవండి. నవ్వకండి. మూతకు ఉన్న గాలి రంధ్రం మూసుకుపోతే ఇరవై కిలోమీటర్లు పోయాక పెట్రోల్ దిగడం ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్లీ దిగుతుంది. అచ్చం వేడి కాయిల్ జబ్బులాగే ఉంటుంది. మూత తెరవగానే 'బుస్' మని గాలి లోపలికి పోయి బండి లేచిందంటే కాయిల్ నిర్దోషి.

తర్వాత ప్లగ్గు. విప్పి చూడండి. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది, మంట రావట్లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. మంచిదని తెలిసిన ప్లగ్గు ఒకటి జేబులో ఉండాలి, కొత్తది అంటే మంచిదని కాదు. క్యాపుకు తగిలించి, ప్లగ్గు లోహాన్ని ఇంజను ఫిన్నుకు గట్టిగా ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి, రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, అంటుకుంటుంది. టూ-స్ట్రోక్ బండ్లకైతే రంధ్రంలో గుడ్డ కుక్కి చేయండి. చేత్తో ప్లగ్గు పట్టుకోవద్దు. షాక్‌తో చస్తారని కాదు, ఉలిక్కిపడి చేయి వేడి సైలెన్సర్ మీద వేస్తారు. నా ముంజేతి మీద మచ్చ అదే.

స్పార్క్ రాకపోతే క్యాపు తీసేయండి. వైరు కొన ఒక సెంటీమీటరు కత్తిరించండి, లోపలి తీగ నల్లబడి తినుకుపోయి ఉంటుంది. ఆ వైరు కొననే ఇంజనుకు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో, పొడి కర్రతోనో ప్లాస్టిక్ పట్టుకారుతోనో పట్టి చూడండి. ఇప్పుడు వస్తే నేరం క్యాపుది. మరీ దూరంగా పెట్టి కిక్కు మీద కిక్కు కొట్టకండి. దూకడానికి దారి లేకపోతే ఆ వోల్టేజి కాయిల్ లోపలే దారి చేసుకుంటుంది. మంచి కాయిల్‌ని పరీక్ష పేరుతో చంపడం అంటే ఇదే. సీడీఐ బండ్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

బుల్లెట్ ఉన్నవాళ్లకు అదృష్టం, హెడ్‌లైట్ మీద ఆంమీటర్ ఉంది. అది అలంకారం కాదు. తాళం వేసి, కిక్కు నెమ్మదిగా కాలితో దించుతూ ముల్లు చూడండి. పాయింట్లు మూసుకున్నప్పుడు మైనస్ వైపు పోవాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకు రావాలి. ఊగిసలాడుతుంటే ప్రైమరీ, పాయింట్లు, వైరింగ్ మూడూ పనిచేస్తున్నట్టు. అసలు కదలకపోతే కరెంటు కాయిల్ దాకా రావట్లేదు, లేదా పాయింట్ల మీద మసి, నూనె పట్టి కలవట్లేదు, లేదా ప్రైమరీ తెగింది. మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది, లేదా వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. సారు బండిలో ఆ రోజు ముల్లు ఊగుతూనే ఉంది, స్పార్క్ మాత్రం లేదు. అది వాడు గమనించాడు, నేను గమనించలేదు.

ఆంమీటర్ లేని బ్యాటరీ బండ్లకు ఒక చిన్న బల్బు, రెండు వైర్లు చాలు. మల్టీమీటర్ కంటే నేను బల్బునే నమ్ముతాను. తుప్పు పట్టిన కనెక్షన్ మీద కూడా మీటరు పూర్తి వోల్టేజి చూపిస్తుంది, బల్బు మాత్రం మసకబారి నిజం చెప్తుంది. బల్బు ఒక వైరు బాడీకి, ఇంకొకటి కాయిల్‌కి కరెంటు వచ్చే టెర్మినల్‌కి. వెలగాలి. అక్కడ వెలిగాక, పాయింట్ల వైపు వైరు విప్పేసి ఆ రెండో టెర్మినల్‌కి పెట్టండి. అక్కడా వెలిగితే ప్రైమరీ తెగలేదు. వైరు మళ్లీ బిగించి, బల్బు అక్కడే ఉంచి ఇంజను తిప్పితే పాయింట్లతో పాటు వెలుగుతూ ఆరుతూ ఉండాలి.

పాయింట్ల సందు ఈ పాత బండ్లకు కొంచెం అటూ ఇటూ వేరైనా, సుమారుగా 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేకపోతే చాచా నాలుగు గడ్డం బ్లేడ్లు ఒకదానిమీద ఒకటి పెట్టేవాడు, ఒక్కోటి 0.1 మిల్లీమీటరు. గీకిన తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగండి, కాగితానికి నలుపు అంటినంతసేపూ లాగండి. కండెన్సర్‌ని పరీక్షించడానికి ఇంట్లో ఉత్తమ మార్గం, మంచిదని తెలిసినదాన్ని పాతదాని స్థానంలో కలిపి చూడడమే. కండెన్సర్ కూడా వేడికే చస్తుంది, అది కాయిల్ కంటే చాలా చవక. అందుకని ముందు దాన్ని మార్చాకే కాయిల్ వైపు చూడాలి.

మాగ్నెటో బండ్లు, ఆర్‌ఎక్స్-100 లాంటి సీడీఐ బండ్లు ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. తాళం ఆపినప్పుడు ఇగ్నిషన్‌ని బాడీకి కలిపేసే వైరు ఒకటుంటుంది. వాన నీళ్లు తాళంలోకి పోయినా, హ్యాండిల్ తిప్పే చోట వైరు ఒరుసుకున్నా బండి తనను తానే ఆపేసుకుంటుంది. ఆ ఒక్క వైరు విప్పి కిక్కు కొట్టండి. లేచిందంటే ఇంకేం విప్పనక్కర్లేదు.

ఇక ఓమ్‌ల లెక్క. పన్నెండు వోల్టుల పాయింట్ల బండి కాయిల్‌కి ప్రైమరీ సుమారు మూడు నుంచి నాలుగు ఓమ్‌లు. ఆరు వోల్టులదానికి ఒకటి నుంచి రెండు. సీడీఐ కాయిల్‌కి ఒకటి కంటే తక్కువ, మీటరు వైర్ల నిరోధమే అంతలో సగం ఉండొచ్చు, కాబట్టి రెండు కొనలు కలిపి చూసి ఆ అంకె తీసేయండి. సెకండరీ కొన్ని వేల ఓమ్‌లు, క్యాపులో రెసిస్టర్ ఉంటే అది కూడా కలుస్తుంది, క్యాపు తీసి చూడండి. సెకండరీ అనంతం చూపితే తెగింది, సందేహం లేదు. అంకె సరిగ్గా ఉంటే? కాయిల్ మంచిదని కాదు, కాయిల్ తెగలేదని మాత్రమే. మా సారు ల్యాబులో నేను తెలుసుకోని తేడా అదే.

పక్కన పెట్టలేని మాట ఒకటి. ఆరు వోల్టుల బండికి పన్నెండు వోల్టుల కాయిల్ వేస్తే స్పార్క్ పీలగా వస్తుంది. పన్నెండు వోల్టుల బండికి ఆరుది వేస్తే కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచి పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ ఉడికిపోతుంది. సీడీఐ కాయిల్ పాయింట్ల బండికి వేస్తే అదీ అంతే. డబ్బా చూసి కొనకండి, ఓమ్‌లు చూసి కొనండి. ఇంకా, బండి ఆగాక తాళం వేసే ఉంచి చాయ్ తాగడానికి పోకండి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజను ఆగి ఉంటే నాలుగు ఆంపియర్లు కాయిల్‌లో ఆగకుండా పారుతూనే ఉంటాయి. పన్నెండు వోల్టుల బండిలో అది 48 వాట్లు, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. సగం కాయిల్‌లు రోడ్డు మీద కాదు, హోటల్ ముందు చస్తాయి.

చివరికి వేడి పరీక్ష. బండిని అది ఆగేదాకా నడపండి. ఆగిన వెంటనే, చల్లారకముందే, స్పార్క్ చూడండి. లేదా? తడిగుడ్డ కాయిల్ మీద వేయండి, ఇంజను మీద కాదు, పాయింట్ల మీద కాదు, కాయిల్ ఒక్కదాని మీదే. రెండు మూడు నిమిషాల్లో స్పార్క్ తిరిగొస్తే అప్పుడు చెప్పొచ్చు కాయిల్ పోయిందని. చీకటి పడ్డాక ఇంకో పని చేయొచ్చు. లైట్లార్పి ఇంజను నడుపుతూ చూస్తే, హెచ్‌టీ వైరు మీద, కాయిల్ మూతి దగ్గర పగుళ్లుంటే నీలి గీతలు పాకుతూ కనిపిస్తాయి. దానికి మందు లేదు, మార్చడమే.

ఈ తడిగుడ్డ పరీక్ష నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా వాడు నేర్పాడు, అదీ ఈ మధ్యనే.

మూడేళ్ల కింద సారు జగిత్యాల ఇల్లు సర్దుతుంటే పానాలు, బోల్టులు ఉన్న ట్రంకు పెట్టెలో ఆ పాత కాయిల్ కనిపించింది. 1986లో రెండోసారి ఆగినప్పుడు సారు వేరే ఊళ్లో కొత్తది వేయించుకుని దీన్ని పెట్టెలో పడేశారట, బండికి ఆ తర్వాత ఆ జబ్బు రాలేదట. ఫోన్ చేసి, 'నువ్వు పరీక్షించిన కాయిల్ ఉన్నదిరా, మళ్లొకసారి చూస్తవా' అన్నారు. చూశాను. చల్లగా ఉన్నప్పుడు ప్రైమరీ 1.6 ఓమ్‌లు, సెకండరీ సరిగ్గానే ఉంది, ఆరు మిల్లీమీటర్ల స్పార్క్, నీలంగా. సరిగ్గా నేను ఆ రోజు చెప్పినట్టే. ఇసుకలో పెట్టి నెమ్మదిగా డెబ్బై డిగ్రీలకు వేడి చేశాను. మీటరు 1.9 చూపింది, రాగి వేడెక్కితే అంత పెరగడం సహజమే, అందులో తప్పేం లేదు. సెకనుకు ఇరవై సార్లు కరెంటు తెగ్గొట్టే సర్క్యూట్ కలిపాను. ఆరు మిల్లీమీటర్లు దూకలేదు. మూడు చేశాను, పదిసార్లకు ఒకసారి దూకింది. తడిగుడ్డ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఫ్యాను కింద చల్లార్చాను, మళ్లీ నీలి స్పార్క్.

వాడి నంబరు వెతకడానికి ఆరు నెలలు పట్టింది. భివండి నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి వెనక్కి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాడు, మనకు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. వెళ్లాను. సారు కూడా వచ్చారు, ఎనభై దాటిన మనిషి, నేను ఒక్కన్నే పోతానంటే వినలేదు. 'నువ్వంటే పిల్లగానివి. నేను పిల్లగాన్ని కాదు గదా' అన్నారు కారులో. కాయిల్ వాడి చేతిలో పెట్టి, చేసిన పరీక్ష అంతా చెప్పాను. వాడు మూతి దగ్గర వేలితో తుడిచి చూశాడు.

'అప్పుడే తెలుసు గదరా నాకు. లక్షెట్టిపేట దాక తోలుకపోయిన బండి, ఆగినంక తడిగుడ్డ ఏసి చూసిన. లేచింది. ఎవ్వరడిగిండ్రు?'

సారు చాలాసేపు మాట్లాడలేదు. నేను క్షమించమని అడిగాను. వాడు 'చాయ్ తాగుతరా సార్' అని సారుని అడిగాడు, నాకు జవాబు చెప్పలేదు. నాకు ఇప్పటికీ చెప్పలేదు. అయితే ఆ తర్వాత బండ్ల సంగతి ఏది అడిగినా ఫోన్ ఎత్తుతాడు.

ఈ కాయిల్ అదే. ఆ స్టవ్వు మీద ఇసుక గిన్నె ఉంది, నేను మాట్లాడుతున్నంతసేపూ కాగుతూనే ఉంది. భోజనాలకు ముందు వెనకవైపు కిటికీలు మూసి, ల్యాబులో సారు చేసినట్టు, ముందు చల్లగా, తర్వాత వేడిగా స్పార్క్ చూపిస్తాం. వాడు స్టేజీ మీదికి రానన్నాడు, టేబుల్ దగ్గరే నిలబడి ఉన్నాడు, గళ్ల చొక్కా. మీ బండ్ల గురించి ప్రశ్నలేమైనా ఉంటే నన్ను కాదు, వాడిని అడగండి.